ఒకేషనల్ విద్యార్థుల ఇంగ్లీషుకు ఏ యాప్? దానికి తోడు ఏ అలవాటు?

రొయ్యల చెరువు మీద బతికే ఇంట్లో పుట్టిన పిల్లలకు చెక్ ట్రే గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మేత చల్లిన రెండు గంటలకు రైతు ఆ ట్రేను పైకి లాగి చూస్తాడు. మేత మిగిలి ఉంటే తరువాతి విడత తగ్గిస్తాడు, ట్రే ఖాళీగా వస్తే పెంచుతాడు. రొయ్యను చేతిలోకి తీసుకొని పేగు నిండుగా ఉందో లేదో చూస్తాడు. నీటి అడుగున ఏమి జరుగుతోందో పైకి కనిపించదు కాబట్టి ఆ ట్రేయే అతనికి కన్ను.

ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు నుంచి ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు, ఇంటర్ ఒకేషనల్ కోర్సులకు వచ్చే పిల్లలను నేను మొదటి వారంలోనే అడుగుతాను: "మీ ఇంగ్లీషుకు చెక్ ట్రే ఏది?" పరీక్ష అంటారు. పరీక్ష ఆరు నెలలకు ఒకసారి వస్తుంది. ఆరు నెలలకు ఒకసారి ట్రే ఎత్తే రైతుకు చెరువు మిగులుతుందా అంటే నవ్వుతారు. అక్కడి నుంచి పాఠం మొదలవుతుంది.

తోటి అధ్యాపకులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న మాత్రం వేరు: "సార్, పిల్లల ఫోన్లలో ఏ యాప్ వేయించమంటారు?" కొన్నేళ్ల క్రితం నేనూ ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. పాఠాలను ఆటలా నడిపించే ఒక యాప్‌ను తరగతి మొత్తానికీ వేయించాను. రోజూ పాయింట్లు, విడవకుండా ఎన్ని రోజులు చేశారో లెక్క. రెండు నెలలు తరగతి మంచి హుషారుగా సాగింది. ఒకరోజు వర్క్‌షాపులో మోటారు స్టార్టరు పెట్టె మీది నాలుగు వరుసల హెచ్చరికను చదివి అర్థం చెప్పమన్నాను. అరవై రోజులు ఒక్కరోజు కూడా తప్పకుండా యాప్ చేసిన కుర్రవాడు రెండో వరుసలోనే ఆగిపోయాడు. అతను బద్ధకస్తుడు కాడు. తనకు ఏది వచ్చో ఏది రాదో అతనికి తెలియలేదు, అంతే. యాప్ రోజూ శభాష్ అనే చెప్పింది, నేనూ ఆ శభాష్‌నే నమ్మాను. పరికరాన్ని ఎంచుకొని అలవాటును వదిలేయడం నా తప్పు.

అందుకే ఈ పోలికలో ప్రతి పరికరాన్నీ ఒకే ప్రశ్నతో తూస్తున్నాను: తన తప్పును విద్యార్థి తానే పట్టుకునే వీలు ఇందులో ఉందా?

తన నేర్చుకోవడాన్ని తానే గమనించుకొనే ఈ శక్తికి మెటాకాగ్నిషన్ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చినది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లావెల్. 1979లో ఆయన రాసిన వ్యాసాన్ని విద్యారంగం ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటుంది. బీఎడ్ పుస్తకంలో బరువుగా కనిపించే మాటే గానీ, అందులో ఉన్నవి మూడు పనులు. మొదలుపెట్టే ముందు ఏమి చేయబోతున్నానో అనుకోవాలి. చేస్తున్నంతసేపూ అర్థమవుతోందా లేదా అని కనిపెట్టుకొని ఉండాలి. ముగిశాక ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చూసుకోవాలి. ఫిట్టర్ ట్రేడు విద్యార్థికి ఇది కొత్త విద్య కాదు. డ్రాయింగ్ చూసి మార్కింగ్ చేసుకుంటాడు. ఫైలింగ్ చేస్తూ మధ్యమధ్య మూలమట్టం ఆనించి ఎక్కడ వెలుతురు దూరుతోందో చూస్తాడు. చివర వెర్నియర్‌తో కొలుస్తాడు. చేతిపనిలో ఇంత జాగ్రత్త చూపే పిల్లవాడు ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి కళ్లు మూసుకొని నడుస్తున్నాడు. మనం చేయవలసిందల్లా ఆ మూలమట్టాన్ని ఇక్కడికి కూడా తెచ్చి ఇవ్వడమే.

ముందు ఫోను సంగతి

పోలికకు ముందు మూడు విషయాలు కనుక్కోండి: ఫోను విద్యార్థిదేనా, ఇంట్లో వాళ్లదా? రోజులో ఎప్పుడు చేతికి వస్తుంది? డేటా ఎంత మిగులుతుంది? ఆడపిల్లల్లో చాలామందికి అమ్మ ఫోనే దిక్కు. అది రాత్రి వంట పూర్తయ్యాక ఒక అరగంట దొరుకుతుంది. అలాంటి విద్యార్థినికి గంట వీడియో పాఠం ఇస్తే ఇవ్వనట్టే. తక్కువ నాణ్యతలో చూసినా గంట వీడియోకు సుమారు 300 ఎంబీ ఖర్చవుతుంది. నిమిషం వాయిస్ మెసేజీకి అర ఎంబీ కూడా పట్టదు. ఈ ఒక్క తేడాతోనే సగం ఎంపిక తేలిపోతుంది.

వాయిస్ మెసేజీ: నా మొదటి ఓటు

కొత్త యాప్ వద్దు, అందరి ఫోన్లలో ఉన్న వాట్సాప్ చాలు. మాట్లాడటం నేర్పడానికి ఇంతకు మించిన పరికరం నాకు ఇంతవరకు దొరకలేదు. అందులో అందరూ దాటిపోయే ఒక సదుపాయం ఉంది. రికార్డు చేసిన మాటను పంపే ముందు మనమే వినవచ్చు, నచ్చకపోతే చెరిపేసి మళ్లీ చెప్పవచ్చు. నాకు కావలసిన పని అంతా ఆ వినే క్షణంలోనే జరుగుతుంది.

ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండో ఏడాది విద్యార్థి ఒకరికి సీలింగ్ ఫ్యానులో కెపాసిటర్ మార్చడం ఎలాగో ఒక నిమిషంలో చెప్పమని పని ఇచ్చాను. (బజారులో అందరూ కండెన్సర్ అనేది ఇదే. పుస్తకంలో మాట వేరు, షాపులో మాట వేరు అని తెలియడం కూడా ఈ పాఠంలో భాగమే.) చేతిపనిలో అతనికి తిరుగు లేదు. సప్లై ఆపడం, కెపాసిటర్‌లో మిగిలిన చార్జి తీసేయడం, ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకోవడం, అన్నీ వరుసగా తెలుసు. రికార్డు చేసి విన్నాక నోటు పుస్తకంలో అతను రాసుకున్నది ఇది: "'దెన్' పదకొండు సార్లు అన్నాను. 'టెర్మినల్' ముందు రెండుసార్లు ఆగాను. 'డిశ్చార్జ్' అనే మాట గుర్తురాక ఆ మెట్టునే వదిలేశాను." నేను ఎర్ర సిరాతో ఎన్ని దిద్దినా ఆ మూడో వాక్యం రాయగలిగేవాడిని కాదు. ఒక మెట్టు వదిలేసినట్టు నాకు తెలుస్తుంది గానీ, మాట గుర్తురాక వదిలాడని తెలిసేది అతనికి ఒక్కడికే. కింద మరుసటి రోజు పని కూడా తానే రాసుకున్నాడు: ముందు 'డిశ్చార్జ్' నాలుగుసార్లు పలికి, తరువాత రికార్డు.

ఈ పద్ధతిలో చిక్కులూ ఉన్నాయి. మొదటిది, పిల్లలు కాగితం మీద రాసుకొని చదివేస్తారు. చదివే గొంతు వేరుగా ఉంటుంది, రెండు వారాల్లో మీకే పట్టుబడుతుంది. అంశం ఇవ్వడానికి బదులు ఒక ఫోటో ఇచ్చి "ఇక్కడ ఏమి జరుగుతోంది, తరువాత ఏమి చేయాలి" అని అడిగితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. రెండోది మన సమయం. నలభై మంది నిమిషం చొప్పున పంపితే రాత్రికి నలభై నిమిషాలు. అన్నీ వినకండి. రోజుకు పది మందివి వంతులవారీగా వినండి, మిగిలిన వారివి నోటు పుస్తకంలోని మూడు వాక్యాలు తరగతిలో చూడండి.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. గ్రూపు పెడితే ప్రతి విద్యార్థిని నంబరూ అందరికీ కనిపిస్తుంది, గొంతు ఫోన్లు మారుతుంది. నేను గ్రూపు పెట్టను. ఒకే మెసేజీని అందరికీ విడివిడిగా చేర్చే బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పని పంపుతాను, జవాబు నాకు ఒక్కడికే వస్తుంది. అయితే మీ నంబరును ఫోనులో సేవ్ చేసుకున్న వారికే ఆ మెసేజీ చేరుతుంది కాబట్టి, మొదటి రోజే తల్లిదండ్రులతో మాట్లాడి సేవ్ చేయించండి. సిగ్గుతో నాకు కూడా పంపలేని పిల్లలు తమ నంబరుకే తాము మెసేజీ పంపుకొనే వీలు వాట్సాప్‌లోనే ఉంది. అక్కడ పదిసార్లు తప్పు చెప్పినా వినేవారు ఉండరు.

ఉచ్చారణ సరిచూసుకోవడానికి కీబోర్డులోని వాయిస్ టైపింగ్ కూడా పనికొస్తుంది. ఇంగ్లీషుకు మార్చి ఒక వాక్యం చెప్పి, తెర మీద ఏమి పడిందో చూసుకోవాలి. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లీషు మాట చివర కూడా ఒక ఉకారమో ఇకారమో తగిలిస్తాం. ఆ సంగతి తెర మీద చూసినప్పుడు పిల్లలకు అర్థమైనంతగా నేను చెప్పినప్పుడు అర్థం కాదు. అయితే ఫోను సందర్భాన్ని బట్టి ఊహించి రాస్తుంది, కనుక సరిగా పడిందంటే సరిగా పలికామని అర్థం కాదు.

పాఠాల యాప్ కావాలా, ఫ్లాష్ కార్డుల యాప్ కావాలా

డుయోలింగో లాంటి పాఠాల యాప్‌లు ఒకవైపు, ఆంకీ లాంటి ఫ్లాష్ కార్డుల యాప్‌లు మరోవైపు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

పాఠాల యాప్‌లో దారి ముందే వేసి ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కొని చదివే విద్యార్థికి, తరగతిలో నోరు విప్పడానికి భయపడేవారికి మొదటి రెండు నెలలు ఇది మంచి ఊతం. రోజూ ఇంగ్లీషు ముఖం చూసే అలవాటు పడుతుంది. అంతవరకు నేనూ సిఫారసు చేస్తాను. కానీ అందులోని వాక్యాలు హోటలు, ప్రయాణం, కుటుంబం చుట్టూ తిరుగుతాయి. వెల్డింగ్ రాడ్డు పెట్టె మీది వాక్యం అక్కడ దొరకదు. పైగా నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం గుర్తుపట్టడమే, అది గుర్తుతెచ్చుకోవడంతో సమానం కాదు.

ఈ తేడాను చిన్నది అనుకోకండి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక జట్టు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది, మరో జట్టు చదివి మూసేసి గుర్తు తెచ్చుకొంది. ఐదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత అడిగితే గుర్తు తెచ్చుకొన్నవారు ముందున్నారు. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాతో ఉన్నది మాత్రం మళ్లీ మళ్లీ చదివిన జట్టే. మన పిల్లలు పరీక్ష ముందురోజు పడే భ్రమ అచ్చంగా ఇదే.

ఆంకీలో కార్డు తిప్పాక నాలుగు బొత్తాలు వస్తాయి: మళ్లీ, కష్టం, బాగుంది, తేలిక. ఎంత గుర్తుందో విద్యార్థే నిర్ణయించి నొక్కాలి, దాన్నిబట్టి ఆ కార్డు రేపు వస్తుందో పది రోజులకు వస్తుందో తేలుతుంది. తనను తాను అంచనా వేసుకొనే పని యాప్ నిర్మాణంలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం, కార్డులు ఒకసారి ఎక్కిస్తే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కార్డులు తయారుచేయడం మాత్రం శ్రమ. ఇక నిజాయితీ లేకపోతే అంతా వృథా: తొందరగా ముగించాలని అన్నిటికీ 'తేలిక' నొక్కే పిల్లలు ఉంటారు. జవాబును ముందు నోటులో రాసి, తరువాతే కార్డు తిప్పాలి అన్న నియమం పెట్టాక ఇది తగ్గింది.

కార్డు ఎలా ఉండాలన్నది యాప్ కంటే ముఖ్యం. మాట ఒకవైపు, అర్థం మరోవైపు రాస్తే నిఘంటువు ముక్కలైనట్టే. ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదువుతూ ఆన్‌జాబ్ ట్రైనింగ్‌కు ల్యాబుకు వెళ్లే అమ్మాయికి కార్డు ఇలా ఉండాలి: "ట్యూబులో సీరం ఎర్రగా ఉంది, రక్తకణాలు పగిలిపోయాయి. శాంపిల్ వెనక్కి పంపుతూ ఫారంలో ఏమి రాస్తావు?" వెనుక జవాబు: హీమోలైజ్డ్. రక్తం గడ్డకట్టి వస్తే క్లాటెడ్. అలా రాసిన ఇరవై కార్డులు రెండు వందల విడి మాటలకు సాటి.

ఫోను లేని పిల్లలకు దారి ఉంది. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన అట్టపెట్టె పద్ధతి ఇదే సూత్రం మీద నడుస్తుంది. జవాబు వచ్చిన కార్డు తరువాతి గడిలోకి, రాని కార్డు వెనక్కి మొదటి గడిలోకి. ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలను నాలుగు ముక్కలు చేస్తే వెనుకవైపు ఖాళీగా చక్కటి దళసరి కార్డులు వస్తాయి. మా విద్యార్థినుల్లో కొందరు ఫోను అందుబాటులో ఉన్నా వీటినే ఇష్టపడుతున్నారు.

పాఠాల యాప్, కార్డులు, ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే, చదవడం కొంతైనా వచ్చిన తరగతికి నేను కార్డులే ఇస్తాను.

వీడియోలా, లేబుల్ ఫోటోలా

వీడియో వినడానికి బాగానే ఉంటుంది, పాఠం కావాలంటే మాత్రం చూసే తీరు మారాలి. కెనడా పరిశోధకుడు లారీ వాండర్‌గ్రిఫ్ట్ సూచించిన క్రమం నాకు బాగా ఉపయోగపడింది. చూడకముందు ఏ మాటలు వినిపిస్తాయో ఊహించి రాయాలి. విన్నాక సరిచూసుకోవాలి. పక్కవాడితో పోల్చుకొని, తేడా వచ్చిన చోటు కోసమే మళ్లీ వినాలి. ఫ్రెంచి నేర్చుకుంటున్న విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఆయన బృందం ఇలా చేయించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో, వినడంలో వెనుకబడినవారికే ఎక్కువ మేలు జరిగింది. మన పిల్లల పరిస్థితులు వేరు, అయినా నా తరగతిలోనూ చివరి బెంచీ వైపే ఎక్కువ కదలిక చూశాను. మూడు నిమిషాలు మించని వీడియో చాలు. వేగం 0.75కు తగ్గించి, మొదటిసారి కింద సబ్‌టైటిల్ అక్షరాలు కనిపించకుండా వినిపించండి.

అయినా వీడియో కంటే లేబుల్ ఫోటో వైపే నా మొగ్గు. వారానికి ఒక్కటి, విద్యార్థి చుట్టూ ఉన్న ప్రపంచం నుంచి ఒక ఇంగ్లీషు రాత ఫోటో తీసుకురావాలి. చెరువు ఏరేటర్ మోటారు మీది నేమ్ ప్లేటు తెచ్చినవారు ఉన్నారు, చీమకుర్తి నుంచి గ్రానైటు కోసే యంత్రం ప్యానెల్ బోర్డు తెచ్చినవారు ఉన్నారు, కృష్ణపట్నం దారిలో ఆగిన కంటైనర్ తలుపు మీది బరువుల పట్టిక తెచ్చినవారూ ఉన్నారు. తెచ్చిన ఫోటోకు ముందు తన ఊహ రాయాలి. తరువాతే, ఫోటోలోని రాతను చదివి అనువదించే గూగుల్ లెన్స్‌తో చూసుకోవాలి. ఊహ ఎక్కడ దారి తప్పిందో ఒక వాక్యంలో రాయాలి. 'డ్యూటీ' అనే మాటకు ఉద్యోగం అని రాసి, మోటారు ఎంతసేపు ఆగకుండా నడవగలదో చెప్పే మాట అని తెలుసుకొన్న విద్యార్థి దాన్ని మరచిపోతాడని నేను అనుకోను.

అనువాద యాప్‌లు, చాట్‌బాట్‌లు

ఇవి వద్దని చెప్పి లాభం లేదు, పిల్లలు వాడుతూనే ఉన్నారు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది, అప్పటి నుంచి సెలవు చీటీలు కూడా ఒక్కసారిగా అచ్చుతప్పుల్లేకుండా వస్తున్నాయి. నియమం ఒక్కటే పెట్టాను: ముందు నీ వాక్యం, తరువాత యంత్రం. "సరిదిద్దవద్దు, ఎన్ని తప్పులున్నాయో, ఏ వరుసలో ఉన్నాయో మాత్రం చెప్పు" అని తెలుగులోనే అడగడం నేర్పండి. తప్పు వెతికే పని అప్పుడు విద్యార్థి చేతిలోనే ఉంటుంది. చాట్‌బాట్ కొన్నిసార్లు తప్పును కూడా గట్టి నమ్మకంతో చెబుతుంది కాబట్టి, సాంకేతిక పదాలను ట్రేడు పుస్తకంతో సరిచూడాలి. ఐటీఐ వారికి చెన్నైలోని నిమి సంస్థ పుస్తకాలు, భారత్ స్కిల్స్ పోర్టల్‌లోని ప్రశ్నల నిధి ఇందుకు ఉన్నాయి. మొదటి ఏడాదిలో మాత్రం చాట్‌బాట్‌ను నేను పాఠంలోకి తీసుకురాను.

ఎవరికి ఏది

ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ పిల్లలకు లేబుల్ ఫోటో, వాయిస్ మెసేజీ కలిపి ఇవ్వండి. వీరికి రాత కంటే హెచ్చరిక చదవడం, చేసిన పని వివరించడం ముందు కావాలి. అప్రెంటిస్ ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే. ఎంఎల్‌టీ లాంటి ఇంటర్ ఒకేషనల్ వారికి సందర్భం కార్డులు ముందు, వాయిస్ తరువాత. రోగితో తెలుగులోనే మాట్లాడతారు, ఇంగ్లీషు అవసరం ఫారం దగ్గర వస్తుంది. పాలిటెక్నిక్ విద్యార్థులకు పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి వీడియో క్రమం నుంచి మొదలుపెట్టవచ్చు. మూడో ఏడాదికి చాట్‌బాట్‌ను ఇంటర్వ్యూ సాధనకు వాడుకోవచ్చు. ఏ కోర్సులోనైనా అక్షరాల దగ్గరే తడబడేవారికి రెండు నెలలు పాఠాల యాప్, పక్కనే శుభలేఖ కార్డులు.

తరగతిలోకి ఫోను రానివ్వని కాలేజీలో మీ ఒక్క ఫోనే చాలు. నలుగురు విద్యార్థులను వంతులవారీగా రికార్డు చేసి, ఒక చిన్న స్పీకరులో వినిపించండి. చెప్పినవాడే మొదట తన తప్పు చెప్పాలి, అతను చెప్పేదాకా మరెవరూ నోరు తెరవకూడదు. ఆ నియమం నిలబెట్టడానికి నాకు నెల పట్టింది.

ఏది ఎంచుకొన్నా నోటు పుస్తకం ఒకటి ఉంచండి. ఎడమ పేజీలో పనికి ముందు అనుకొన్నది, కుడి పేజీలో పని తరువాత గమనించింది. తెలుగులో రాసినా పరవాలేదు, మొదట్లో తెలుగులోనే రాయించండి. రాసే భాషతో కుస్తీ పడుతూ ఎవరూ తమ తప్పును గమనించలేరు. శనివారం ఆ పుస్తకాలు తెరవండి. వారం మొత్తం మీద కుడి పేజీలో విద్యార్థి సొంత మాటల్లో ఒక్క వాక్యమైనా లేకపోతే, ఆ వారం వాడిన యాప్ ఏదైనా సరే, సోమవారం దాన్ని పక్కన పెట్టి నిమిషం వాయిస్ మెసేజీతో మళ్లీ మొదలుపెట్టండి.